కింది కుడి మూల

గోంగూర పులుసు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. ల్విన్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచి, ఎడమచేత్తో సాపు చేశాడు. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకి ఇటుపక్క ‘ఇంట్లో’ అనీ, అటుపక్క ‘బయట’ అనీ రాసుంది. ఇంట్లో అన్నచోట ఒక్కటే మాట, కొట్టడం. బయట అన్నచోట వెదురు కాగితం, జింకతోలు, వాటి కింద కోత, పొట్లాలు.

వెదురు కాగితం ఎప్పుడూ బయటినుంచి వచ్చేదే. మూడేళ్ళు సున్నపునీళ్ళలో నానిన వెదురుతో చేసే ఆ కాగితాన్ని బంగారు రేకులు కొట్టే ఇంటివాళ్ళెవరూ సొంతంగా చేసుకోరు. తోలు సంగతీ అంతే. కొత్తగా చేరినవి చివరి రెండు మాటలు. ఆ రెండు మాటల్లోనూ అతని అక్క సాన్ యీ ఇరవయ్యారేళ్ళుగా బతుకుతోంది.

ల్విన్ చెప్పుకుంటూ పోయాడు. మోన్యువా ఊరి నుంచి గోపుర శిఖరానికి తాపడం పని వచ్చింది. వచ్చే పున్నమికల్లా రేకులు అందాలి. వీధి చివర పొట్లాల ఇంట్లో ఇరవైమంది ఆడవాళ్ళున్నారు, నాలుగిళ్ళవాళ్ళు ఇప్పటికే కోత అక్కడికి పంపేస్తున్నారు. ఇక్కడేమో వీధివైపున్న మంచి గదిని తలుపులు మూసి కోతకి పెట్టుకున్నాం. ఆ గోడ పగలగొట్టి అద్దం పెడితే, రేకులు కొట్టడం చూడటానికొచ్చే జనం లోపలికొచ్చి కొనుక్కుపోతారు. అక్క హాయిగా ఫ్యాను కింద కూచుని అమ్మొచ్చు.

“ఇన్నేళ్ళూ ఆ గదిలో గాలి లేకుండా మగ్గిపోయావు కదక్కా,” అన్నాడు. “పొట్లాలు ఎవరైనా కడతారు. కొట్టడం అందరికీ చేతకాదు. మన ఇంటి పేరు సమ్మెట మీదుంది.”

అతను ఆ మాట ప్రేమగానే అన్నాడు. అదే ఆమెకు మరీ మండింది. తిట్టినా తిరిగి ఒక మాట అనేది. ఫ్యాను ఇస్తానన్నవాణ్ణి ఏమని తిడుతుంది? అన్నం గిన్నె అతనివైపు జరిపింది. థూజా వాళ్ళ సంగతేమిటని మాత్రం అడిగింది. గదిలో ఆమెతో కూచునే ముగ్గురు ఆడవాళ్ళలో థూజా పెద్దది. ఇష్టమైనవాళ్ళని పొట్లాల ఇంటివాళ్ళు తీసుకుంటారని చెప్పి ల్విన్ తలవంచి అన్నం తినసాగాడు. ఈమధ్య చెయ్యి నోటిదాకా ఎత్తకుండా, నోటినే చేతిదాకా దించి తింటున్నాడు. ఇదివరకైతే ఆమె ఏమైందని అడిగేది. ఇవాళ అడగబుద్ధి కాలేదు.

“రేపట్నుంచి వాళ్ళ మనిషి ఒకామె వస్తుంది. రెండ్రోజులు నేర్పక్కా. గురువారం నాన్న సంవత్సరీకం ఎలాగూ ఉంది. శుక్రవారం నుంచి అక్కడికే పంపేద్దాం.”

“ఏమేం నేర్పాలో రాసివ్వు,” అంది సాన్ యీ.

“నీకు నేను రాసివ్వడమేంటి?”

“ఇంటిపెద్దవి నువ్వు. ఏది పనో ఏది కాదో నువ్వే కదా తేల్చావు. అదీ రాసెయ్యి.”

ల్విన్ నవ్వి, అదే కాగితం వెనక నాలుగు ముక్కలు రాసిచ్చాడు. రేకు తీయడం, చదరంగా కోయడం, కాగితం మీద పెట్టడం, పదేసి లెక్కన పొట్లం కట్టడం. సాన్ యీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి జాకెట్టులో దోపుకుంది.

*

పొట్లాల ఇంటినుంచి వచ్చిన ఆమె పేరు ఖిన్ మ్యా. నలభై దాటిన మనిషి, చురుకైంది. చెంపల మీద థనఖా గంధం ఇంత మందాన పూసుకుని, కిళ్ళీ నములుతూ వచ్చింది. గుమ్మంలోనే కిళ్ళీ ఉమ్మి రమ్మంది సాన్ యీ. నోట్లో తడి ఉంటే ఊపిరిలో కూడా తడి ఉంటుంది, రేకు ముడుచుకుపోతుంది.

గదిలో నలుగురు ఆడవాళ్ళు, నాలుగు పీటలు, నాలుగు తోలు దిండ్లు. కిటికీలన్నీ మూసి పగుళ్ళకి కాగితం అతికించారు. ఫ్యాను ఏనాడూ లేదు. చీమ నడిచినా రేకు కదులుతుందని థూజా అంటుంది. పెరట్లో సమ్మెట పడుతున్న చప్పుడు గోడలోంచి ఒకే తీరున వినిపిస్తుంది. అక్కడ ఏటవాలు బండకి జింకతోలు కట్టని బిగించి, దాని మీద మగవాళ్ళు కొడతారు. తోలులో వెదురు కాగితాలు, కాగితాల మధ్య బంగారం. మొదటి రెండు విడతలూ ఇద్దరు కూలిమనుషులు కొడతారు. ఆఖరి ఐదుగంటల విడత ల్విన్‌ది. పక్కన నీళ్ళతొట్టిలో చిల్లిపెట్టిన కొబ్బరిచిప్ప తేలుతుంటుంది. అది నిండి మునిగినప్పుడల్లా తీసి మళ్ళీ వదులుతారు. ఇన్ని చిప్పలు మునిగితే ఒక విడత.

మగవాళ్ళు కోతగదిలోకి రారు. చెమటకి రేకు అంటుకుంటుంది. పైగా ఎద్దుల్లా ఊపిరి వదులుతారని నాన్న అనేవాడు. కొట్టడం పూర్తయిన తోలుకట్టని గోడలో ఉన్న చిన్న గూటిలోంచి అందిస్తారు. సాయంత్రం పని అయ్యాక, అదే గూటిలోంచి ఆనాటి రేకుల్లో ఒకదాన్ని బయటికి ఇస్తారు. దాన్ని చూపురేకు అంటారు. కొట్టినవాడు దాన్ని వెలుతురుకెత్తి చూసుకుని తన చెయ్యి ఎలా ఉందో తెలుసుకోవాలి. నాన్న ఉన్నన్నాళ్ళూ చేతికొచ్చిన మొదటి రేకునే ఇచ్చేది సాన్ యీ. గత రెండేళ్ళుగా ఏరి ఇస్తోంది.

ఎందుకంటే రెండేళ్ళుగా ల్విన్ కొట్టిన రేకుల్లో కింది కుడి మూల పలచబడుతోంది. మొదట్లో పదింట ఒకటి. తర్వాత మూడు. ఇప్పుడు పదింట ఆరు రేకులకి ఆ మూల చిల్లులు పడుతున్నాయి. భుజం ఎక్కడో పట్టు తప్పింది, సమ్మెట ఒక పక్కకి ఒరిగి పడుతోంది. ఆ సంగతి ఈ గదికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆడవాళ్ళు గేదెకొమ్ము పుల్లతో చిన్న తునకని చిల్లు మీదికి జరిపి, వేలికి బలపం పొడి అద్దుకుని, అంచుల మీద మెత్తగా ఊది, పుల్లతో నున్నగా రాస్తారు. బంగారం బంగారాన్ని పట్టుకుంటుంది. అతుకెక్కడుందో వేసినవాళ్ళకి కూడా కనిపించదు. దీనికి రోజూ రెండు గంటలు ఎక్కువ పట్టేది. ఆ రెండు గంటల సంగతి సాన్ యీ తమ్ముడికి ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఆగింది. చిన్నప్పటినుంచీ వాడి ముఖం చిన్నబోతే ఆమె చూడలేకపోయేది.

పొట్లాలు కట్టడం, అన్నాడు వాడు.

మొదటిరోజు ఖిన్ మ్యాకి రేకు తీయడం, కోయడం నేర్పింది. ఆమెకు చెయ్యి తేలిక, తొందరగానే పట్టుకుంది. మధ్యాహ్నానికి ఒక రేకు ముందు ఆగిపోయి వంగి చూసింది.

“అక్కా, ఈ మూల చిల్లుంది.”

“ఉంటే ఉండనీ.”

“మరి దీన్నేం చెయ్యాలి?”

సాన్ యీ జాకెట్టులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. “ఇందులో చిల్లు గురించేమైనా ఉందేమో చూడు.”

ఖిన్ మ్యా నాలుగు ముక్కలూ చదివింది. అంత అమాయకురాలేం కాదు. కాగితం వైపు ఒకసారి, సాన్ యీ ముఖం వైపు ఒకసారి చూసింది. “లేదు,” అంది.

“లేనిది నేనెందుకు నేర్పుతాను?”

థూజా చేతిలోని కొమ్ముపుల్ల గాలిలోనే ఆగిపోయింది. చిల్లున్న రేకులు ఇకనుంచి అతకొద్దని, తునకలు వేసే లక్కడబ్బాలో వెయ్యమని సాన్ యీ మామూలు గొంతుతో చెప్పింది. నూనె అయిపోయింది తెమ్మన్నట్టే చెప్పింది. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని కొమ్ముపుల్లలు పక్కన పెట్టారు. ఆరోజు సమ్మెట చప్పుడు వింటుంటే ఆమెకు ఒక్కో దెబ్బా తియ్యగా ఉంది. కొట్టు తమ్ముడూ, బాగా కొట్టు. నీ ఇంటి పేరు దాని మీదుంది.

రెండోరోజు సాయంత్రానికి లక్కడబ్బా నిండింది. ల్విన్ గూటి దగ్గరికొచ్చి పొట్లాలు తగ్గాయేమిటని అడిగాడు. గూటిలోంచి అతని గడ్డం, మెడమీద తడి తువ్వాలు తప్ప ఇంకేమీ కనిపించవు. కొత్త చెయ్యి కదా, నెమ్మదిగా వస్తుంది అని సాన్ యీ జవాబిచ్చింది. అతను సరేనని చూపురేకు అడిగాడు.

దానికోసం ఆ మధ్యాహ్నమంతా ఆమె ఒక్క రేకు మీదే పనిచేసింది. కట్టలో అన్నిటికంటే చెడిపోయినదాన్ని తీసుకుని, మూలంతా కొత్తగా కట్టినట్టు అతికింది. ఇరవయ్యారేళ్ళలో అంత శ్రద్ధగా ఏ రేకూ అతకలేదు. దాన్నే గూటిలో పెట్టింది. ఇంకొక్క రోజు వాణ్ణి ఆకాశంలోనే ఉంచాలి. అక్కణ్ణించి పడితేనే దెబ్బ తెలుస్తుంది.

గూటికి అవతల ల్విన్ చాలాసేపు రేకుని పట్టుకుని నిలబడ్డాడు. “బాగుందక్కా,” అన్నాడు. గొంతులో ఏదో తేలికపడినట్టుంది.

అతను వెళ్ళాక ఆమె లక్కడబ్బా ముందు కూచుని గురువారానికి పది రేకులు ఏరింది. మరీ ముక్కలైనవి పనికిరావు, విప్పగానే తెలిసిపోతాయి. పైకి నిండుగా కనిపిస్తూ, వేలు పెట్టగానే మూలనుంచి చీలిపోయేవి కావాలి. ఏ రేకు ఎప్పుడు చీలుతుందో ఆమెకంటే ఎరిగినవాళ్ళు మాండలేలో ఉండరు. పదీ పొట్లం కట్టి మీద ఇంటి ముద్ర వేసింది. ఎర్రసిరాలో రెండు సమ్మెటలు, ఒకదానిమీద ఒకటి. ఆ ముద్రలో కొమ్ముపుల్ల ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె గమనించడం అదే మొదటిసారి.

తర్వాత ఇంకో పొట్లం కట్టింది. అందులోవి పదీ అతికిన రేకులు. కోపం తమ్ముడి మీదగాని నాన్న మీద కాదు. నాన్నకి చేరవలసిన పుణ్యంలో చిల్లులుండకూడదు.

*

మహాముని బుద్ధుడి గుడిలో పెద్ద విగ్రహం ఉన్న గద్దె మీదికి మగవాళ్ళే ఎక్కాలి. బంగారపు రేకు ఆ ఒంటికి అద్దేది వాళ్ళే. ఆడవాళ్ళు కింద చాపల మీద కూచుని దణ్ణం పెట్టుకుంటారు. దూరంగా ఉన్నవాళ్ళకి కనబడటానికి స్తంభాలకి టీవీలు పెట్టారు. ఏటా నాన్న సంవత్సరీకానికి సాన్ యీ తన చేత్తో కట్టిన పొట్లం ల్విన్ చేతికి ఇవ్వడం, అతను మెట్లెక్కడం, ఆమె టీవీలో చూడటం మామూలే. తను కోసి, తను అతికి, తను కట్టిన రేకుని తను అద్దకూడదు. దానికి ఏనాడూ బాధపడలేదు. తమ్ముడి చెయ్యి తన చెయ్యే అనుకునేది.

ల్విన్ ఇస్త్రీ లుంగీ, తెల్లచొక్కా వేసుకున్నాడు. పొట్లం రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. “వచ్చే ఏడు నువ్వు ఈ పొట్లం కట్టే శ్రమ కూడా ఉండదక్కా,” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమె లోపల ఏ మూలో మిగిలిన కాస్త మెత్తదనం కూడా ఆరిపోయింది. తొందరగా ఎక్కమంది, జనం పెరుగుతున్నారంది.

అతను వరసలోకి వెళ్ళగానే, వెనకే వస్తున్న ఒక ముసలాయన చేతిలో రెండో పొట్లం పెట్టింది. మా నాన్నగారి పేరున అద్దండి అని చేతులు జోడించి అడిగింది. ఆడవాళ్ళు ఇలా తెలియనివాళ్ళకి ఇవ్వడం అక్కడ అలవాటే. ఆయన పేరడిగి, పొట్లం నుదుటికి తాకించుకుని పైకెళ్ళాడు.

సాన్ యీ టీవీకి దగ్గరగా చాప చూసుకుని కూచుంది. తెరమీద మగవాళ్ళ వీపులు, మధ్యలో బంగారంతో గడ్డలు గడ్డలుగా ఉబ్బిన విగ్రహం. ముఖం ఒక్కటే నున్నగా ఉంటుంది, మిగతా ఒళ్ళంతా ఎన్ని తరాల రేకులో. ల్విన్ విగ్రహం ఛాతీ దగ్గర నిలబడ్డాడు. పొట్లం విప్పాడు. మొదటి రేకున్న కాగితం అరచేతిలో పరుచుకుని, కుడిచెయ్యి పైకెత్తబోయి ఆగాడు. ఎడమచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పట్టుకుని, దాన్ని ఎత్తి పెట్టినట్టుగా పైకి తీసుకెళ్ళాడు. ఇదేమిటి ఇలా ఎత్తుతాడని ఆమెకు ఒక క్షణం అనిపించింది గాని అంతలోనే రేకు విగ్రహానికి తాకింది.

చీలిపోయింది. మూలనుంచి మొదలై సగందాకా వచ్చేసింది. సగం అతని వేలికి చుట్టుకుంది. రుద్ది వదిలించుకోబోతే ముక్కలై చొక్కా మీద పడింది. రెండో రేకు తీశాడు. అది కాగితం మీదినుంచి లేస్తుండగానే తెగింది. మూడోది కూడా అంతే. వెనకున్నవాళ్ళు అసహనంగా కదులుతున్నారు. ఎవరో ఏదో అన్నారు, పక్కవాడు నవ్వాడు. ల్విన్ మెడ ఎర్రబడటం తెరమీద కూడా తెలిసింది.

సాన్ యీ ఆ ముఖాన్ని కడుపారా చూసింది. చిన్నప్పుడు చిన్నబోతే చూడలేకపోయిన ముఖమే అది. చేతులు జోడించుకుని, చుట్టూ ఆడవాళ్ళు మంత్రాలు చదువుతుండగా, ఆమె మాత్రం నాలుగో రేకు కోసం ఎదురుచూసింది. ఇంకా ఏడున్నాయి తమ్ముడూ. నువ్వు కొట్టినవే. ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

అప్పుడు ముసలాయన ల్విన్ పక్కకి చేరాడు. అతని అవస్థ చూసి తన పొట్లం ముందుకు చాచాడు, కొన్ని తీసుకోమని. ల్విన్ తీసుకున్నాడు. అతను ముసలాయన పొట్లం మీది ఎర్రముద్ర చూశాడు. తన చేతిలోని పొట్లం మీది ముద్ర చూశాడు. రెండు సమ్మెటలు, రెండు సమ్మెటలు. ముసలాయన ఇచ్చిన రేకు అద్దాడు. అది నాలుగు మూలలూ నిండుగా విగ్రహం ఛాతీకి అంటుకుంది. అతను దాని మీద వేలు అలాగే ఉంచి నిలబడిపోయాడు. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. తర్వాత తన పొట్లంలో మిగిలిన చిల్లురేకుల్ని ఒక్కొక్కటే తీసి, చీలితే చీలినట్టే అద్దాడు. ఒళ్ళంతా బంగారమే అయిన చోట చిరిగినదీ నిండుదీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తేడా తెలిసినవాళ్ళు ఆ హాలంతా వెతికినా ఇద్దరే.

*

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. సైకిల్ రిక్షాలో పక్కపక్కనే కూచున్నారు. అతని చొక్కా మీద బంగారపు పొడి ఎండకి మెరుస్తోంది. పెరట్లో ఆ రోజు పని లేదు, కూలిమనుషులు రాలేదు. ల్విన్ వెళ్ళి నీళ్ళతొట్టి గట్టుమీద కూచున్నాడు. సాన్ యీ వంటింటి గుమ్మంలో నిలబడింది. అడుగుతాడని తెలుసు. జవాబు మూడురోజులుగా నోట్లో తయారుగా ఉంది.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు.

“రెండేళ్ళు. కింది కుడి మూల. పదింట ఆరు.”

“రోజూ అతుకుతున్నావా?”

“రోజూ. రెండు గంటలు.”

“నాకెందుకు చెప్పలేదక్కా?”

ఆమె జాకెట్టులోంచి కాగితం తీసి అతని ఒళ్ళో వేసింది. “పొట్లాలు కట్టేదాన్ని. అతుకులు నీ కాగితంలో లేవుగా.”

అనేసింది. ఎంత బాగా అనాలనుకుందో అంత బాగానే అంది. అతను తలదించుకుంటాడనో, కేకలేస్తాడనో అనుకుంది. ల్విన్ కాగితం వైపు చూడలేదు. తొట్టిలో మునిగి ఉన్న కొబ్బరిచిప్పని ఎడమచేత్తో తీసి నీళ్ళు వొంపాడు.

“రెండేళ్ళ కిందట భుజం పట్టేసింది,” అన్నాడు. “నీకు చెప్పలేదు. డాక్టరు దగ్గరికెళ్ళాను. లోపల నరం పీకుతోందన్నాడు. ఆర్నెల్లు సమ్మెట ముట్టుకోకపోతే అదే సర్దుకుంటుందన్నాడు. ఆ రోజు సాయంత్రం నువ్వు చూపురేకు ఇచ్చావు. వెలుతురుకి పట్టి చూశాను. నాలుగు మూలలూ నిండుగా ఉన్నాయి.”

సాన్ యీ గుమ్మం దిగి తొట్టి దగ్గరికి వచ్చింది.

“రేకు బాగుందంటే చెయ్యి బాగున్నట్టేగా. నాన్న అదే చెప్పేవాడు. డాక్టరుకి బంగారం సంగతేం తెలుసనుకున్నాను. నొప్పి పెరిగిన ప్రతిసారీ, సాయంత్రం దాకా ఓపిక పడదాం, రేకు చూశాక ఆపుదాం అనుకునేవాణ్ణి. నువ్విచ్చింది చూస్తే ఆపబుద్ధయ్యేది కాదు. నిన్న కూడా చూశాను. ఎంత బాగుందో.” అతను చిప్పని మళ్ళీ నీళ్ళమీద వదిలాడు. “పోయిన నెల మళ్ళీ చూపించాను. తెగిపోయిందట. ఇక కుట్టడానికి కూడా లేదన్నాడు.”

చిప్ప నెమ్మదిగా నిండుతోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

“మరి కోత బయటికివ్వడం దేనికి?” అంది ఆమె.

“ఏదో ఒకటి బయటికివ్వాలి. ఇంత పని ఇంట్లో సాగదు. కొట్టడం ఇచ్చేస్తే ఈ ఇంట్లో నేనెవర్నక్కా? నీకు గదుంది, నీ మాట వినే మనుషులున్నారు. నాకు సమ్మెటొకటే ఉంది. రేకేమో రోజూ బాగానే వస్తోందాయె.”

చిప్ప మునిగింది. ఎవరూ తియ్యలేదు. ఆమె అతన్ని తిట్టాలనుకుంది, ఇప్పుడు నెపం నా మీదికి తోస్తావా అని. నోరు తెరిచింది కూడా. కాని అతని మాటలో నెపం వెయ్యడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు, అంతే. చూపురేకు చెయ్యి చూసుకోవడానికని నాన్న పెట్టిన పద్ధతిని రెండేళ్ళపాటు అబద్ధం చేసింది ఎవరు? ప్రేమతోనే చేసింది. చివరి రోజున మాత్రం పగతో చేసింది. బయటినుంచి చూసేవాడికి రెండు రేకులూ ఒకేలా ఉన్నాయి.

ల్విన్ కాగితం విప్పి జేబులోంచి పెన్ను తీశాడు. ‘ఇంట్లో’ అన్నచోట ఉన్న ఒక్క మాటనీ కొట్టేసి, గీతకి అవతల రాశాడు. కోత, పొట్లాలు అన్న మాటల్ని ఇవతలికి తెచ్చాడు. ఎడమచేతి రాత కావడంతో అక్షరాలు వంకరగా వచ్చాయి. వాటికింద ఇంకో మాట చేర్చాడు, అతుకు.

“వీధిలో నాలుగో ఇంటివాళ్ళు మూడు విడతలూ కొట్టిపెడతారు. అడిగి వస్తాను,” అని లేచాడు.

*

శనివారం మధ్యాహ్నానికి నాలుగో ఇంటినుంచి తోలుకట్ట వచ్చింది. గోడ పగలగొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఖిన్ మ్యా రావడం మానేసింది. థూజా వాళ్ళ ముఖాలు కళకళలాడుతున్నాయి. పెద్దక్క గెలిచిందని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకోవడం సాన్ యీకి వినిపించింది. గెలిచిన మాట నిజమే. గది మిగిలింది, పని మిగిలింది. మూడురోజుల కిందట ఏం కావాలని ఎవరైనా అడిగితే ఆమె ఇదే కోరుకునేది.

కట్ట విప్పి రేకు దిండు మీదికి తీసింది. కొమ్ముపుల్ల దానంతటదే కింది కుడి మూలకి పోయింది. అక్కడ చిల్లు లేదు. ఇంకోటి తీసింది. అక్కడా లేదు. ఎవరో కుర్రాళ్ళ భుజాలు, మంచి దిట్టమైనవి. పుల్ల పక్కన పెట్టి కోత మొదలుపెట్టింది. పని రెండు గంటల ముందే అయిపోయింది. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని, ఇంత పొద్దుండగా ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు కూచున్నారు.

పెరట్లో చప్పుడు లేదు. ఇరవయ్యారేళ్ళలో ఆ గోడ అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎరగదు. చెవి ఆ చప్పుడుకోసం వెతుకుతూనే ఉంది. తొట్టిలో నీళ్ళు మార్చారో లేదో.

చూపురేకు వేళయింది. కొట్టినవాడు నాలుగిళ్ళ అవతల ఉన్నాడు. ఇది ఎవరికివ్వాలా అనుకుంటుండగానే గూటిలో చెయ్యి కనిపించింది. ఎడమచెయ్యి. ఖాళీగా, అరచెయ్యి పైకి పెట్టుకుని ఉంది.

ఆమె ఏరలేదు. పైనున్న మొదటి రేకు తీసి, కాగితంతో సహా ఆ చేతిలో పెట్టింది. ల్విన్ దాన్ని వెలుతురుకెత్తాడు. గూటిలోంచి అతని గడ్డం మాత్రమే కనిపిస్తోంది. బాగుందక్కా అంటాడని ఆమె ఎదురుచూసింది.

“ఇది అతికిందా?” అన్నాడు.

“కాదు.”

నిజమే చెప్పింది. అతను తల ఊపాడు. రేకుని ఇటు తిప్పి కింది కుడి మూల చూశాడు. వేలితో తాకి చూశాడు. మళ్ళీ వెలుతురుకెత్తాడు.